కష్టాల ఇంట్లో తొలిప్రేమ: టీనేజ్ ప్రేమ నవల రాయడానికి సమగ్ర మార్గదర్శి

ఇంట్లో కష్టం, మనసులో ప్రేమ ఉన్న టీనేజ్ నవలల చిత్తుప్రతులు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. మొదటి అధ్యాయంలో నాన్న ఉద్యోగం పోతుంది, లేదా అమ్మ మంచాన పడుతుంది. ఆ తర్వాత పదిహేను అధ్యాయాల పాటు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అమ్మాయికి రోజూ సాయంత్రం తీరిక దొరుకుతుంది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో కబుర్లు సాగుతాయి. క్లైమాక్స్ దగ్గరపడ్డాక రచయితకు కష్టం మళ్లీ గుర్తొచ్చి ఆసుపత్రి సీను రాస్తారు. అలాంటి ఇంట్లో నిజంగా పెరుగుతున్న పదహారేళ్ల పాఠకురాలు ఆ పుస్తకాన్ని ఇరవయ్యో పేజీలోనే పక్కన పెట్టేస్తుంది. కష్టం సమయాన్ని తినేస్తుందని, డబ్బును తినేస్తుందని, ఇంట్లో మనిషికుండే కాస్త చోటునూ తినేస్తుందని ఆమెకు తెలుసు. పుస్తకంలో అది కనపడకపోతే మిగతాదేదీ నమ్మదు.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. ముందు ఇంటి కష్టానికి గంటల లెక్క కట్టండి, ప్రేమకు ఎంత మిగులుతుందో తేల్చండి. ఆ తర్వాత రాసే ప్రతి ప్రేమ సన్నివేశానికీ సమయం ఎక్కడినుంచి తెచ్చారో, దాని బదులు ఏం పోయిందో మీకు కచ్చితంగా తెలిసుండాలి.

మొదటి అడుగు: ఒక్క కష్టాన్ని ఎంచుకుని దాని నడక తెలుసుకోండి

అప్పులు, తాగుడు, జబ్బు, తల్లిదండ్రుల విడాకులు అన్నీ ఒకే ఇంట్లో పెట్టాలనిపిస్తుంది. నిజజీవితంలో అలా జరుగుతుంది కూడా. నవలలో మాత్రం మూడు కష్టాలు పెడితే దేన్నీ లోతుగా చూపలేరు. ఒకదాన్ని మూలంగా పెట్టుకుని మిగతావాటిని దాని ఫలితాలుగా రానివ్వండి. నాన్నకు జబ్బు చేసింది, అందువల్ల ఆదాయం పడిపోయింది, అందువల్ల అక్క చదువు ఆగింది, అందువల్ల అక్కకూ అమ్మకూ మధ్య మాటలు తగ్గాయి. ఇలా గొలుసు కట్టిన కష్టాన్ని పాఠకులు సులువుగా పట్టుకుంటారు.

తర్వాత ఆ కష్టం క్యాలెండర్ సంపాదించండి. ప్రతి కష్టానికీ ఒక నడక ఉంటుంది, కథకు కావలసిన సన్నివేశాలు సగం అందులోంచే వస్తాయి.

మూత్రపిండాలు చెడిపోయి హీమోడయాలసిస్ (యంత్రంతో రక్తం శుద్ధి చేయడం) మీద ఉన్న మనిషికి సాధారణంగా వారానికి మూడు రోజులు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది. రానూపోనూ సమయం వేరు, ఆ సాయంత్రపు నీరసం వేరు. అంటే ఆ ఇంట్లో వారానికి మూడు రోజులు ముందే రాసిపెట్టి ఉంటాయి. ఆ రోజుల్లో మీ కథానాయిక సినిమాకు వెళ్లిందంటే ఆమె స్థానంలో ఎవరో ఒకరు ఉండాలి.

కీమోథెరపీ చాలావరకు రెండు మూడు వారాలకొక విడతగా ఇస్తారు. జుట్టు ఊడే రకం మందైతే, మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఊడడం మొదలవుతుంది. మొదటి ఇంజెక్షన్ మర్నాడే దువ్వెన నిండా జుట్టు వచ్చినట్టు రాస్తే తెలిసినవాళ్లు నమ్మరు. విడత ఇచ్చాక దాదాపు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి, మామూలు జలుబు కూడా ప్రమాదమే. ఈ ఒక్క వాస్తవంతో ఒక ప్రేమ సన్నివేశం ఎలా పుడుతుందో కింద చూపిస్తాం.

పక్షవాతం వచ్చిన మనిషి కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువ వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. కొందరికి ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తాము చెప్పాలనుకున్న మాట మాత్రం నోటికి రాదు. రోజంతా మాట్లాడే తండ్రి అలా అయిపోతే ఇల్లు ఎలా మారుతుందో ఊహించండి.

తాగుడు కథల్లో ఒక పాత తప్పు ఉంది. తండ్రి కూతురి కన్నీళ్లు చూసి సీసా పగలగొడతాడు, మర్నాటి నుంచి మంచివాడైపోతాడు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. కొందరికి 48 నుంచి 96 గంటల మధ్య భ్రమలు, తీవ్రమైన కలవరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా అలా మాన్పించడం ప్రమాదం. కాబట్టి ఆ సీసా సీను అబద్ధం, పైగా చదివే పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం: తాగుడు కథకు సహజమైన నడక ఇది. రెండోసారి మానేసినప్పుడు కూతురు నమ్మాలా వద్దా అన్నదే అసలు ఉద్వేగం.

కుంగుబాటుకు మాత్రం క్యాలెండర్ ఉండదు. ఇవాళ అమ్మ లేస్తుందో లేవదో తెలియకపోవడమే అక్కడి నడక. మందులు పనిచేయడానికి వారాలు పడుతుందని గుర్తుంచుకోండి. అప్పులకు గడువు తేదీలుంటాయి. ఉద్యోగం పోయిన ఇంట్లో ముందుగా మాయమయ్యేవి ఎవరూ గమనించని చిన్న ఖర్చులు, చివరికి పిల్లల చదువు.

రెండో అడుగు: ఇంటి లెక్క, వారం లెక్క

రెండు కాగితాలు తీసుకోండి. మొదటిదాని మీద ఇంటి ఆదాయం 100 అనుకుని ఖర్చులు రాయండి. అద్దె 35, అప్పు కిస్తీ 25, మందులు 15, తిండి 25, చదువులు, కరెంటు కలిపి 8. మొత్తం 108 అయింది. అంటే నెలకు 8 తక్కువ. ఆ ఎనిమిదిని ఈ నెల ఎవరు, ఎలా సర్దారు? ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు? ఏ కిస్తీ ఆపారు? ఆ జవాబుల్లోనే అమ్మానాన్నల గొడవలు, తలుపు తట్టే మనుషులు, అమ్మాయి అబద్ధాలు ఉన్నాయి. ఈ అంకెలు నవలలో ఎక్కడా రాయక్కర్లేదు. మీకు తెలిసుంటే చాలు, వాక్యాల్లో బరువు దానంతటదే వస్తుంది.

రెండో కాగితం మరీ ముఖ్యం. వారానికి 168 గంటలు. ఒక అమ్మాయి వారాన్ని ఇలా పరచండి: బడి 35, ప్రయాణం 7, నిద్ర 42, తల్లిని చూసుకోవడం 21, చిన్న ఉద్యోగం 15, ఇంటిపని 14, చదువు 14, స్నానం, తిండి 14. మొత్తం 162. మిగిలింది 6 గంటలు. అదీ ఒక్కచోట కాదు, పావుగంట ఇక్కడ, అరగంట అక్కడ. నిద్ర చూడండి, రోజుకు ఆరు గంటలే వేశాం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర నిపుణులు చెబుతారు, కాబట్టి ఈ పిల్ల ఇప్పటికే నిద్ర అప్పులో ఉంది.

ఇప్పుడు మీ కథలో ఆమె అబ్బాయితో వారానికి పది గంటలు గడుపుతోంది అనుకుందాం. తక్కువపడిన నాలుగు గంటలు ఎక్కడివి? నిద్రలోంచి తీస్తే తరగతిలో తూగుతుంది, టీచరు పట్టుకుంటారు. చదువులోంచి తీస్తే మార్కులు పడిపోతాయి, ఉపకార వేతనం పోతుంది. తల్లి దగ్గరి సమయంలోంచి తీస్తే తమ్ముడు ఒంటరిగా తల్లిని లేపబోయి ఇద్దరూ కింద పడతారు. మూడూ మూడు వేర్వేరు నవలలు. మీది ఏదో ఇక్కడే తేల్చుకోండి.

అబ్బాయికి కూడా ఇలాంటి కాగితమే రాయండి. అతనికి ముప్పై గంటలు మిగిలితే, ఆరు గంటలున్న అమ్మాయి ఆలస్యంగా రావడం అతనికి నిర్లక్ష్యంలా అనిపిస్తుంది. విలన్ అక్కర్లేకుండానే తొలి గొడవ దొరికింది.

మూడో అడుగు: మనుషులు

కష్టాల ఇంట్లో చాలామంది పిల్లలు తల్లిదండ్రులకే తల్లిదండ్రులవుతారు. మానసిక శాస్త్రవేత్తలు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. వండడం, తమ్ముణ్ని బడికి పంపడం, బిల్లులు కట్టడం లాంటి పనుల బరువు ఒకటి. అమ్మను ఓదార్చడం, నాన్న రహస్యాలు మోయడం, ఇద్దరి మధ్య రాయబారం నడపడం లాంటి మనసు బరువు రెండోది. మీ పాత్ర మీద ఏది ఎక్కువుందో నిర్ణయించుకోండి, ఎందుకంటే ప్రేమలో ఆమె చేసే తప్పు అక్కడినుంచే వస్తుంది. పనుల బరువు మోసిన పిల్ల ప్రేమను కూడా పనుల్లాగే చేస్తుంది: అన్నీ సమయానికి గుర్తుపెట్టుకుంటుంది, తనకేం కావాలో ఎప్పుడూ చెప్పదు. మనసు బరువు మోసిన పిల్ల ఎదుటి మొహంలో చిన్న మార్పు కూడా పట్టేస్తుంది, అబ్బాయి కాస్త మౌనంగా ఉంటే చాలు తనవల్లే అనుకుని క్షమాపణ చెబుతుంది. ఆమెకున్న నేర్పే ఆమె లోపం కావాలి. అప్పుడు పాత్రకు ఎక్కడినుంచో తెచ్చి లోపం అతికించినట్టు ఉండదు.

ప్రేమించే వ్యక్తిని రక్షకుడిగా రాయకండి. అతనికి తనదైన కోరిక, తనదైన ఇల్లు, తనదైన భయం ఉండాలి. ఒక పరీక్ష పెట్టండి: కథానాయికను పూర్తిగా తీసేసినా ఈ అబ్బాయికి ఈ ఏడాది చేయాల్సిన పని ఏదైనా ఉందా? లేకపోతే అతనింకా పాత్ర కాలేదు.

ఇద్దరి వయసూ 15 నుంచి 18 మధ్య, ఒకరికొకరు ఒకటి రెండేళ్ల తేడాలోనే ఉంచండి. పెద్దవాళ్లు మైనర్ల కష్టాన్ని ఆసరాగా తీసుకుని దగ్గరవడం ప్రేమ కాదు, దోపిడీ. దాన్ని ప్రేమకథగా రాయడానికి ఏ సందర్భమూ సరిపోదు. శారీరకంగా దగ్గరయ్యే సన్నివేశాలు ముద్దు దగ్గర ఆగినా నవలకు ఏ లోటూ రాదు. అడగడం, ఒప్పుకోవడం, వద్దంటే ఆగడం సహజంగా కనపడనివ్వండి. ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, ఎక్కడున్నావని పదేపదే నిలదీయడం, స్నేహితుల్ని దూరం చేయడం లాంటివి తీవ్రమైన ప్రేమగా చూపించకండి. ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్లలకు ఆ అదుపే శ్రద్ధలా అనిపిస్తుంది, అందుకే ఈ రకం కథలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక తల్లిదండ్రులు. చిత్తుప్రతుల్లో అందరికంటే అన్యాయమైపోయేది వీళ్లే. జబ్బు మనిషి అంటే దగ్గు, తాగుబోతు అంటే అరుపులు. కష్టంలో ఉన్న ఆ పెద్దమనిషికి కనీసం మూడు సన్నివేశాల్లో కష్టంతో సంబంధం లేని జీవితం ఇవ్వండి. చెడిపోయిన రేడియోను పది నిమిషాల్లో బాగుచేయడం, కూతురి జడ అల్లడం, ఒక పాత జోకు మళ్లీ మళ్లీ చెప్పడం ఏదైనా కావచ్చు. ఆ తండ్రిని పాఠకులు కాస్తయినా ఇష్టపడితేనే, అతను మాట తప్పిన రోజు వాళ్లకూ నొప్పి తెలుస్తుంది.

నాలుగో అడుగు: కథ చెప్పే గొంతు

ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అని చెప్పే కథనంలో రాయడమే ఈ రకం నవలకు ఎక్కువగా నప్పుతుంది. ఇంటి గుట్టు దాచే పిల్ల బయటికి చెప్పేదొకటి, లోపల అనుకునేదొకటి. ఆ తేడా ‘నేను’లో సూటిగా పలుకుతుంది.

కాలం దగ్గర జాగ్రత్త. వర్తమానంలో రాయాలనే సరదా చాలామందికి ఉంటుంది, తెలుగులో అది పేజీ దాటేసరికి ‘వెళ్తున్నాను, చూస్తున్నాను, ఆలోచిస్తున్నాను’ అని ఒకే చప్పుడుతో సాగుతుంది. ‘వెళ్తాను, చూస్తాను’ అని రాస్తే జరుగుతున్నదో, జరగబోయేదో, రోజూ జరిగేదో తెలియదు. భూతకాలంలో రాసి, తీవ్రమైన రెండు మూడు క్షణాల్లో మాత్రం వర్తమానానికి మారండి.

అమ్మాయి, అబ్బాయి చెరో అధ్యాయం చెప్పే పద్ధతి ఎంచుకుంటే ఇంకో చిక్కుంది. ‘వచ్చాను, చూశాను’ అన్న క్రియల్లో ఆడ, మగ తేడా ఉండదు. అధ్యాయం మీద పేరు రాసినా రెండు పేరాల్లో రెండు గొంతులూ కలిసిపోతాయి. ఒకరికి చిన్న వాక్యాలు, లెక్కలు, వస్తువుల పేర్లు. ఇంకొకరికి పొడుగు వాక్యాలు, ప్రశ్నలు, పోలికలు ఇవ్వండి. పేర్లు తీసేసి ఒక పేరా వినిపిస్తే ఎవరిదో చెప్పగలగాలి.

మనకు భాష ఇచ్చిన గొప్ప సౌకర్యం కూడా ఒకటుంది. తండ్రి గురించి చెబుతూ అమ్మాయి ‘నాన్న’ అంటుందా, ‘ఆయన’ అంటుందా? మామూలప్పుడు నాన్న, మాట తప్పిన వారం మొత్తం ఆయన, చివర్లో ఎప్పుడో మళ్లీ నాన్న. ఒక్క మాట కూడా వివరించక్కర్లేదు.

ఐదో అడుగు: గుట్టు ఎప్పుడు, ఎంత బయటపడాలి

ఈ కథలను ముందుకు లాగేది గుట్టు. ఒక పట్టిక వేయండి. అడ్డంగా మనుషులు: బడి, స్నేహితురాలు, అబ్బాయి, బంధువులు. నిలువుగా అధ్యాయాలు. ఎవరికి ఎప్పటికి ఎంత తెలుసో ప్రతి గడిలో ఒక ముక్క రాయండి. అబ్బాయికి మాత్రం నిజం మూడు విడతల్లో తెలియాలి. నవలలో నాలుగోవంతు దగ్గర అతను ఏదో చూస్తాడు, అర్థం కాదు. సగం దగ్గర ఆమె సగం చెబుతుంది. ముప్పావు దగ్గర మొత్తం కళ్లారా చూస్తాడు, అదీ ఆమె చూపించాలనుకోని సమయంలో.

ఒక్క వాక్యం చెప్పేస్తే తీరిపోయే అపార్థం మీద నవల నిలబెట్టకండి. ఆమె ఎందుకు చెప్పలేదో దానికి గట్టి కారణం కావాలి: చెబితే తమ్ముణ్ని వేరే చోటికి పంపేస్తారు, నాన్న పరువు పోతుంది, లేదా ఇంతకుముందు ఒకసారి చెబితే స్నేహితురాలు దూరమైంది.

ఆరో అడుగు: కథాపటం

మొదటి నవలకు 45,000 పదాలు పెట్టుకోండి. 1,500 పదాల చొప్పున 30 అధ్యాయాలు. ఇంటి కష్టం మొదటి పేజీలోనే కనపడాలి, వివరణగా కాకుండా పనిగా. ఇద్దరూ మూడో అధ్యాయం దాటకుండా ఎదురుపడాలి. ఎనిమిదో అధ్యాయం దగ్గర ఇక వెనక్కి వెళ్లలేనంత పరిచయం, పదిహేనో అధ్యాయంలో అత్యంత సన్నిహిత క్షణం, ఇరవై రెండు, ఇరవై మూడు దగ్గర అన్నీ కూలడం, చివరి నాలుగైదు అధ్యాయాల్లో తేరుకోవడం. ఈ అంకెలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

మార్చకూడనిది ఒకటుంది. ప్రేమలో ప్రతి ముందడుగూ ఇంట్లో ఏదో ఒకటి మార్చాలి, ఇంట్లో ప్రతి దెబ్బా ప్రేమలో ఏదో ఒకటి మార్చాలి. అధ్యాయాల సారాంశాలు వరసగా రాసి, మధ్యలో ఏ మాట పెట్టగలరో చూడండి. ‘అందువల్ల’ లేదా ‘అయితే’ పడితే కథ నడుస్తోంది. ‘ఆ తర్వాత’ మాత్రమే పడుతుంటే రెండు కథలు పక్కపక్కన నడుస్తున్నాయి, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పదిహేనో అధ్యాయంలో ముద్దు పెట్టుకున్న ఆ ఇరవై నిమిషాల్లోనే ఇంటినుంచి నాలుగు మిస్డ్ కాల్స్ రావాలి.

ఏడో అడుగు: సన్నివేశం

చిత్తుప్రతుల్లో తరచూ కనపడే రకం ఇది: “నా జీవితమే ఒక కన్నీటి సముద్రం, అందులో నువ్వు నా ఒడ్డువి” అని ఆమె అతని భుజం మీద వాలి ఏడ్చింది. ఇందులో తప్పు అలంకారానిది కాదు. అందరూ అన్నీ చెప్పేశారు, పాఠకులు చేయడానికి ఏమీ మిగల్లేదు. దీనికి బదులు కీమోథెరపీ గురించి పైన చెప్పిన వాస్తవాన్ని తీసుకుని, అదే ఉద్వేగాన్ని ఇలా రాయవచ్చు:

బెల్ మోగింది. తలుపు జానెడు తెరిచాను.
“లెక్కల నోట్సు” అంటూ చెయ్యి చాపబోయి, పక్కకు తిరిగి తుమ్మాడు.
తలుపు మూసేశాను. అతని మొహం మీదే.
లోపల్నుంచి అమ్మ, “ఎవరే?” అంది.
“ఎవరూ లేరమ్మా.”
బయట అడుగుల చప్పుడు వినపడలేదు. వెళ్లలేదన్నమాట. తలుపుకి నుదురు ఆనించి, “జలుబా?” అన్నాను.
“కాస్త. ఏం?”
“ఇవాళ తొమ్మిదో రోజు.”
“దేనికి?”
నేను మాట్లాడలేదు. బయట పెన్ను గీసుకుంటున్న చప్పుడు. తర్వాత తలుపు కింది సందులోంచి నోట్సు లోపలికి జరిగి, సగంలో ఇరుక్కుంది. ఇటునుంచి లాగాను. పైన ఒక చీటీ: ఎన్నో రోజుకి రావచ్చు?
నోట్సు అట్టను శానిటైజర్‌తో మూడుసార్లు తుడిచాను. చీటీని మాత్రం తుడవలేదు.

ఇందులో ప్రేమ అన్న మాట లేదు, కష్టం అన్న మాట లేదు. జబ్బు పేరు కూడా లేదు. తొమ్మిదో రోజు అన్న అంకె వైద్యపరంగా సరైనది కాబట్టి తెలిసినవాళ్లు ఒక్క క్షణంలో పట్టుకుంటారు, తెలియనివాళ్లు తర్వాతి పేజీ తిప్పుతారు. అమ్మకు చెప్పిన అబద్ధం గుట్టును ఒక మెట్టు ముందుకు జరిపింది. అబ్బాయి కారణం అడగడం మానేసి, ఎప్పుడు రావచ్చని అడిగాడు, అతనెలాంటివాడో తెలిసింది. చివరి వాక్యంలో ఆమె చిన్న ప్రమాదానికి ఒప్పుకుంది, అదే ఆమె ఇచ్చిన జవాబు. ప్రతి ముఖ్యమైన సన్నివేశానికీ ఇలాంటి ఒక వస్తువు, ఒక అడ్డు, ఒక చిన్న నిర్ణయం వెతకండి.

ఏడుపుల విషయంలో పిసినారిగా ఉండండి. నవల మొత్తంలో కథానాయిక రెండుసార్లకు మించి ఏడవకూడదని పెట్టుకుని, ఆ రెండూ ఎక్కడో ముందే నిర్ణయించుకోండి. అందులో ఒకటి చాలా చిన్న విషయానికి రావాలి, చెప్పు తెగినందుకో, బస్సు తప్పినందుకో. పెద్ద దెబ్బలకు నిబ్బరంగా నిలబడ్డ పిల్లలు అలాంటి చోటే కూలిపోతారు.

సంభాషణల్లో టీనేజ్ పిల్లలు కౌన్సెలర్లలా మాట్లాడితే అక్కడే కథ చచ్చిపోతుంది. “నా బాల్యం నాకు దక్కలేదు” అని పదహారేళ్ల పిల్ల అనదు. “నాకు పజిల్స్ రావు. ఎప్పుడూ ఆడలేదు” అంటుంది. ఫోన్ మెసేజ్‌లు ఒక విడతకు ఆరేడు లైన్లు దాటనివ్వకండి. వచ్చిన టైము, చదివి జవాబివ్వకుండా వదిలేయడం మాటలకంటే ఎక్కువ చెబుతాయి. ఈ ఏడాది పుట్టిన యాస పదాలు వచ్చే ఏడాదికి పాతబడతాయి, వాటిని వీలైనంత తగ్గించండి.

ఎనిమిదో అడుగు: సాయం చేసే సన్నివేశం

ఈ రకం నవలకు ఇదే అసలైన పరీక్ష. అబ్బాయికి ఆమె ఇబ్బంది తెలిసింది. ఆమెకు చెప్పకుండా ఆమె ఫీజు కట్టేశాడు. చాలా చిత్తుప్రతుల్లో ఆమె కళ్లు చెమర్చి అతణ్ని కౌగిలించుకుంటుంది. అక్కడితో ప్రేమకథ ముగిసినట్టే, రచయితకే తెలియదు. ఎందుకంటే ఆ క్షణం నుంచి ఇద్దరూ సమానం కారు. రేపు అతని మీద కోపమొస్తే ఆమె చూపించగలదా? విడిపోవాలనిపిస్తే విడిపోగలదా? ప్రేమతో ఉన్నానా, రుణపడి ఉన్నానా అన్న సందేహం ఆమెను వదలదు.

ఆ సన్నివేశం వద్దనడం లేదు. దాన్ని పద్దెనిమిదో అధ్యాయం ప్రాంతంలో అతను చేసిన తప్పుగా రాయండి. ఆమెకు కోపం రావాలి, ఆ కోపం అతనికి అర్థం కాకూడదు. “మంచిపని చేస్తే ఇదేంటి?” అని అతను అనాలి. “నన్ను అడిగావా?” అని ఆమె అనాలి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే ఆ గొడవ రాయదగ్గది. ఆ డబ్బు నెలనెలా తిరిగి ఇస్తానని ఆమె అంటే అతను వద్దనకుండా తీసుకోవడం నేర్చుకోవాలి. అదే అతని ఎదుగుదల.

నిలబడే సాయానికి మూడు లక్షణాలుంటాయి: అడిగి చేసింది, కొద్దిసేపటిది, తిరిగి చేయగలిగింది. తమ్ముడి దగ్గర గంటసేపు కూర్చోవడం, ఆసుపత్రి ఫారం నింపడంలో తోడుండటం, పోయిన పాఠం చెప్పడం. ఇలాంటిదొకటి ఆమె కూడా అతనికి చేయాలి, అతను చేసిన దానికి కృతజ్ఞతగా కాకుండా అతనికి నిజంగా అవసరమైన రోజున.

ప్రేమ కష్టాన్ని తీర్చకూడదు. హఠాత్తుగా వచ్చిన వారసత్వం, లాటరీ, మనసు కరిగిన ధనిక తాత వద్దు. ప్రేమవల్ల మారదగిన ముఖ్యమైన విషయం ఒకటుంది: ఆమె పెద్దవాళ్లలో ఎవరో ఒకరిని సాయం అడగగలగడం. టీచరు, పిన్ని, పక్కింటావిడ, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉన్న కథైతే ఈ పెద్దమనిషి తప్పనిసరి. హింసను ప్రేమతో అర్థం చేసుకుని భరించాలన్నట్టు ముగించకండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చే కథైతే పద్ధతి వివరాలు రాయవద్దు, దాన్ని విముక్తిలాగానో, ప్రేమకు రుజువులాగానో చూపవద్దు. సాయం దొరికే మార్గాల సమాచారం పుస్తకం చివర ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: ముగింపు

ఈ పాఠకులు ఆశను కోరుకుంటారు, అన్నీ చక్కబడటాన్ని కాదు. జబ్బు ఉండవచ్చు, అప్పు ఉండవచ్చు, ఇద్దరూ వేర్వేరు ఊళ్లకు చదువుకి వెళ్లిపోవచ్చు. చివరి అధ్యాయం రాసేముందు ఆమె 168 గంటల కాగితం మళ్లీ కొత్తగా వేయండి. ఆరు గంటలు పదకొండో పన్నెండో అయ్యాయా? ఆ అదనపు గంటలు ఎవరు ఇచ్చారు? పిన్ని వారానికి రెండు సాయంత్రాలు వస్తోందా, నాన్న వంట నేర్చుకున్నాడా? ఆ మార్పు ఎలా వచ్చిందో ఒక సన్నివేశంలో కనపడితే ముగింపును పాఠకులు నమ్ముతారు. కొత్త కాగితం పాతదానిలాగే ఉంటే, ఆమె మాటల్లో ఎంత ధైర్యమున్నా కథ కదల్లేదు.

ఇద్దరూ కలిసే ఉంటారా అన్నది తెరిచి ఉంచవచ్చు. తల్లికో, తండ్రికో ఆమె చెప్పాల్సిన ఒక మాట ఉంటుంది, పుస్తకమంతా దాచుకున్నది. దాన్ని మాత్రం తెరిచి ఉంచకండి, చెప్పించండి.

పదో అడుగు: తిరగరాయడం

పూర్తయిన ప్రతిని రెండు మూడు వారాలు పక్కన పెట్టండి. తీశాక మొదటి చదువు క్యాలెండర్ కోసమే: ఏ సన్నివేశం ఏ రోజు జరిగింది, ఆ రోజు ఇంట్లో ఏం జరగాలి? చికిత్స రోజున అమ్మ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్న తప్పులు ఇక్కడే దొరుకుతాయి. రెండో చదువులో ప్రేమ ఉన్న పేజీల అంచున ఎరుపు, ఇల్లు ఉన్న పేజీల అంచున నీలం గీయండి. వరసగా మూడు అధ్యాయాలు ఒకే రంగులో ఉంటే అక్కడ రెండో రంగు తీసుకురావాలి. మూడోసారి సంభాషణలు పైకి చదవండి, నోరు తడబడిన ప్రతి వాక్యాన్నీ మార్చండి. చివరగా పదోవంతు కోయండి. ముందు పోవాల్సినవి, సన్నివేశం అయిపోయాక దాని అర్థం చెప్పే పేరాలు.

అప్పుడు నలుగురైదుగురికి ఇవ్వండి. వాళ్లలో ఇద్దరు మీ పాత్రల వయసువాళ్లు, ఒకరు అలాంటి కష్టం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు, ఒకరు ఆ విషయం వృత్తిపరంగా తెలిసిన నర్సో, కౌన్సెలరో ఉండాలి. నచ్చిందా అని అడగకండి, మర్యాదకు నచ్చిందనే అంటారు. ఎక్కడ పుస్తకం కింద పెట్టారు, ఎవరిమీద కోపమొచ్చింది, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు అని అడగండి. ఇద్దరు ఒకే పేజీ చూపిస్తే అక్కడ సమస్య ఉన్నట్టే, వాళ్లు చెప్పిన పరిష్కారాలు వేర్వేరుగా ఉన్నా సరే. ఆ ఇంట్లో పెరిగిన మనిషి “ఇలా జరగదు” అన్నచోట వాదించకుండా, ఎలా జరుగుతుందో అడిగి రాసుకోండి.